స్టాలులో వీణకు కూర్చునే చోటేదీ?

బొబ్బిలి (మా విలేఖరి): గొల్లపల్లి వీణ పేరు వినని వారు మన జిల్లాలో వుండరు. పనస దుంగను తొలిచి కుండ, దండి ఒకే మానులోంచి తీసే ఏకాండి వీణ అది. భౌగోళిక గుర్తింపు కూడా పొందింది. అయితే ఆ వీణ వూరు దాటి ఎగ్జిబిషన్ స్టాలులో బల్ల ఎక్కాక దాని గతి ఏమవుతుందో చూసినవారు తక్కువ. వీణలు చేసే మా బావకు తోడుగా హైదరాబాదులో ఒక చేతివృత్తుల ప్రదర్శనకు వెళ్లి, 6 రోజులు స్టాలులో కూర్చుని వచ్చాను.

ప్రయాణమే పెద్ద పని. పెద్ద వీణలు 3, బొమ్మ వీణలు 40. పెద్ద వీణలకు బుర్రలు విప్పి వేరేగా కట్టి, మా అప్ప కుట్టిన పాత బొంతల్లో చుట్టి, పైన గోనె వేసి బొబ్బిలి స్టేషనులో రైలెక్కించాం. రాత్రంతా వంతులవారీగా మేలుకున్నాం. సీటు కింద పెడితే కాళ్లు తగులుతాయి, పైన పెడితే పెట్టెలు పడతాయి. విజయనగరం దాటాక ఒక పెద్దాయన “లోపల ఏటుంది బాబూ, పసిపిల్లాడా?” అని అడిగాడు. అంతకంటే ఎక్కువే అన్నాడు బావ.

స్టాలంటే మూడువైపులా గుడ్డ, ఒక బల్ల, రెండు కుర్చీలు, నెత్తిమీద వేడి దీపాలు. చీరలవారికీ, కొయ్యబొమ్మలవారికీ అది చాలు. వీణ నేల మీద కూర్చుని, కుండ పక్కన ఆనించి, బుర్ర తొడమీద పెట్టుకుని వాయించే వాద్యం. బల్లమీద పడుకోబెడితే అది వీణ కాదు, సామాను. ఏర్పాటు చేసినవారికి ఆ సంగతి తట్టలేదు. నిజం చెప్పాలంటే మొదటి రోజు మాకూ తట్టలేదు.

వచ్చినవారు అడిగే ప్రశ్నలు నాలుగే. ఎంతండీ? ఇది ప్లాస్టిక్కా, కర్రా? ఫొటో తీసుకోవచ్చా? ఇది నిజంగా మోగుతుందా? చివరి ప్రశ్నకు బావ మొహం చిన్నబోయేది. సారణి తీగ మీటి చూపేవాడు. కాని ఎదురు వరసలో మైకు పెట్టి పచ్చళ్లు అమ్ముతున్నారు. వెనుక పిల్లల రంగులరాట్నం. ఆ గోలలో వీణ తీగ చప్పుడు చేతిమీద వాలిన దోమ పాట కంటే ఎక్కువ వినపడదు. బావకు శ్రుతి చేయడం వచ్చు, మెట్లు కట్టడం వచ్చు, స్వరం వెంట్రుకవాసి తప్పినా పట్టేస్తాడు. కీర్తన వాయించడం మాత్రం రాదు. చేసేవాడికి చేయడంలోనే బతుకు తెల్లారిపోతుంది, నేర్చుకునేదెప్పుడు?

బొమ్మ వీణలు మాత్రం పోయాయి. గోడకు తగిలించుకోవడానికి, పెళ్లిళ్లలో బహుమతిగా ఇవ్వడానికి కొన్నారు. మొదటి 3 రోజుల్లో 21 అమ్మాం. పెద్ద వీణల మీద అరచేయి రాసి, “బాగుంది” అని వెళ్లినవారికి లెక్కలేదు.

ఈ పని పెద్ద ఎత్తున చేసే దేశాలూ వున్నాయి. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలోని ఏనహైమ్ పట్టణంలో ‘నామ్’ పేరుతో వాద్యాల వర్తకుల ప్రదర్శన జరుగుతుంది. దాన్ని నడిపే సంఘం 1901లో పుట్టింది. గిటార్లు, పియానోలు, డ్రమ్ములు చేసే కంపెనీలు అక్కడ స్టాలు పెట్టినప్పుడు వాయించి చూపే కళాకారుణ్ణి కూడా దగ్గర వుంచుకుంటాయి. ధర చెప్పేవాడు ఒకడు, వాయించేవాడు ఒకడు. దుకాణదారులు విని, వేళ్లతో తాకి చూసి ఆర్డర్లు రాసుకుపోతారు. అంత పెద్ద సంతలు కూడా శాశ్వతం కావు. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టులో 1980లో మొదలైన వాద్యాల ప్రదర్శన 2022లో మూతబడింది. మన సంగతికి వస్తే, ధర చెప్పేవాడూ, మూటలు మోసేవాడూ, వీణ చేసినవాడూ ఒక్కడే. వాయించేవాడే లేడు.

నాలుగో రోజు సాయంత్రం ఒక సంగీతం టీచరు, 12 ఏళ్ల శిష్యురాలితో వచ్చారు. బల్లమీది వీణను వంగి మీటారు. పై స్థాయికి వెళ్లేసరికి ఆగిపోయారు. “మెట్లు కదిలాయి నాయనా” అన్నారు నెమ్మదిగా. బావ మాట్లాడలేదు. ఆమె మరోసారి వస్తానని వెళ్లిపోయారు.

జరిగిందేమిటంటే, వీణకు వున్న 24 మెట్లనూ మైనం మీదనే నిలుపుతారు. తేనెమైనంలో బొగ్గుపొడి కలిపి దండికి రెండువైపులా గట్టులాగ పోస్తారు. దానిలో ఇత్తడి మెట్లు అదుముతారు. నెత్తిమీది దీపాల వేడికి ఆ మైనం మెత్తబడింది. వచ్చిన పిల్లలూ, పెద్దలూ మీటి, నొక్కి, లాగి చూశారు. 5 మెట్లు జరిగాయి. 3 రోజులుగా ఆ దీపం కిందనే కూర్చుని మేమిద్దరం గమనించలేదు.

స్టాలులో నిప్పు రాజేయనివ్వరు. రాత్రి వీణను బసకు మోసుకుపోయాం. ఇనుప కడ్డీ కాల్చి మైనం కరిగించి, ఒక్కో మెట్టు తీసి మళ్లీ నిలపాలి. మెట్టు స్థానం గీత గీసి పెట్టుకునేది కాదు, చెవితో పట్టుకోవాలి. వీధిలో బళ్లు తగ్గేదాకా బావ చేయి కదపలేదు. అర్ధరాత్రి దాటాక మొదలుపెట్టి కోడికూసే వేళకు ముగించాడు. “ఒరే బావా, మన వూరి పేరు పోయేది రా” అన్నాడు పడుకోబోతూ. ఆ ఒక్క మాటే.

తెల్లవారి స్టాలు తెరవగానే బావ చేసిన మొదటి పని, బల్లను పక్కకు నెట్టడం. వీణలు చుట్టి తెచ్చిన అప్ప బొంతను నేల మీద పరిచాడు. ఒక దీపం ఆర్పేశాడు. మధ్యాహ్నం టీచరుగారు నిజంగానే వచ్చారు. బొంతమీద కూర్చుని అన్ని మెట్లూ తడిమి చూసి, పావుగంట వాయించారు. ముందు ఇద్దరు నిలబడ్డారు, తర్వాత పదిమంది, ఆ తర్వాత దారి మూసుకుపోయింది. పచ్చళ్లాయన తనంతట తనే మైకు కట్టేశాడు. బావ గుంపు వెనక్కి వెళ్లి నిలబడి విన్నాడు. తను చేసిన వీణను అంతసేపు విద్వాంసుల చేతిలో వినడం ఆయనకు ఎప్పుడో గాని దొరకదు.

అంతమాత్రాన వీణలు పోయాయనుకోవద్దు. ఒకటి అమ్ముడుపోయింది, రెండు తిరిగొచ్చాయి. బొమ్మ వీణల డబ్బుతో రైలు ఛార్జీ, బస, తిండి వెళ్లాయి. పెద్ద వీణ డబ్బులో కర్ర ఖర్చు పోను కూలి గిట్టింది. మళ్లీ వెళ్తావా అంటే బావ వెళ్తానన్నాడు. అయితే ఈసారి బొబ్బిలిలో వీణ నేర్చుకుంటున్న పిల్లలనెవరినైనా వెంట తీసుకెళ్తాడట. వాళ్ల టికెట్టు ఎవరు పెట్టుకోవాలన్నది ఇంకా తేలలేదు. స్టాళ్లు ఇప్పించే అధికారులు వాయించేవారికి కూడా ఒక టికెట్టు, బల్లకు బదులు ఒక అరుగు ఇస్తే పోయేదేమీ లేదు.

ఆ శిష్యురాలికి మా వద్దనున్న వీణలు పెద్దవయ్యాయి. టీచరుగారు పిల్లను బొంతమీద కూర్చోబెట్టి, చేయి చాచమని, దారంతో కొలత తీయించారు. అడ్వాన్సు ఇవ్వలేదు, ఫోను చేస్తామన్నారు. ఆ దారానికి మూడు ముడులు వేసి బావ చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఫోను ఇంకా రాలేదు. నిన్న గొల్లపల్లి వెళ్తే, ఆ దారం పక్కన పెట్టుకుని చిన్న పనస దుంగకు బాడిస పెడుతున్నాడు.