మీకు తెలుసా? ఎకరం చెరువు ఊపిరి, ఒక్క బియ్యం బస్తా బరువు

ఎకరం చేపల చెరువులో నాలుగడుగుల నీళ్లుంటే, ఆ నీటిలో కరిగిన ఆక్సిజన్ మొత్తం కలిపి దాదాపు 25 కిలోలే!

కైకలూరు, ఆకివీడు వైపు కొల్లేటి చెరువుల్లో చేపకు లీటరుకు 5 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటే బాగున్నట్టే లెక్క. లీటరుకు మిల్లీగ్రాము అన్నా, ఘనమీటరుకు గ్రాము అన్నా ఒకటే, అంకె మారదు. ఎకరానికి నాలుగడుగుల లోతున నీళ్లు సుమారు 4,930 ఘనమీటర్లు, అంటే 49 లక్షల లీటర్ల పైమాట. ఆ ఘనమీటర్లను ఐదుతో హెచ్చవేయండి, గ్రాముల్లో ఆ 25 కిలోలే వస్తాయి. అదే లీటరు గాలిలోనైతే దాదాపు 270 మిల్లీగ్రాముల ఆక్సిజన్! తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయంటే, నీటికి గాలి పట్టించే ఏరియేటర్ల కోసం రైతు పరుగెత్తాడంటే, కారణం ఈ కొద్దిపాటి నిల్వే.

చెరువు గట్టు మీద ఎక్కువగా వినపడే మాట మాత్రం 'పీపీఎం', పది లక్షల్లో ఒక వంతు. లీటరు మంచినీళ్లు ఇంచుమించు కిలో తూగుతాయి కాబట్టి ఒక పీపీఎం, లీటరుకు ఒక మిల్లీగ్రాము అక్కడ సమానమైపోతాయి. ఎకరానికి, అడుగు లోతుకు, ఒక పీపీఎం మందు వేయాలంటే 1.23 కిలోలు చాలు. జేబులో రాసి పెట్టుకోదగ్గ అంకె ఇది.

కొల్లేటిని సముద్రంతో కలిపే ఉప్పుటేరు దాటి సముద్రంలోకి వెళితే ఈ సమానత్వం కాస్త చెదురుతుంది: అక్కడ లీటరు బరువు సుమారు 1.025 కిలోలు. అందుకే కిలోకు 35 గ్రాముల ఉప్పున్న సముద్రపు నీటిలో, లీటరుకు లెక్కిస్తే దాదాపు 36 గ్రాములని తేలుతుంది.