లోపమే బలమైన చోట

1911లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో కామర్లింగ్ ఓన్స్ పాదరసాన్ని మైనస్ 269 డిగ్రీల సెల్సియస్‌కు చల్లబరిస్తే అందులో విద్యుత్ నిరోధం మాయమైంది. ఈ స్థితినే అతివాహకత అంటారు. ఇక ఎంతటి బలమైన అయస్కాంతాన్నైనా చుట్టవచ్చని ఆయన ఆశపడ్డాడు. తీరా సీసపు తీగ చుట్టి చూస్తే కొద్దిపాటి అయస్కాంత క్షేత్రానికే దాని అతివాహకత పోయింది.

నేడు అయస్కాంతాలకు వాడే అతివాహకాలు క్షేత్రాన్ని లోపలికి రానిచ్చి కూడా తట్టుకుంటాయి. ఆ కిటుకును 1957లో సోవియట్ శాస్త్రవేత్త అబ్రికోసవ్ వివరించాడు. క్షేత్రం సన్నని సుడులుగా విడిపోయి పదార్థంలోకి దిగుతుంది. ప్రతి సుడీ ఒకే కొలత అయస్కాంత అభివాహాన్ని మోస్తుంది. ఒక టెస్లా క్షేత్రంలో చదరపు మిల్లీమీటరుకు దాదాపు 48 కోట్ల సుడులుంటాయి.

కరెంటు పారేటప్పుడు ఈ సుడులను పక్కకు నెడుతుంది. అవి కదిలాయంటే వోల్టేజి, దాంతోపాటు వేడి పుడతాయి. అంటే నిరోధం తిరిగొచ్చినట్టే. ఎంత కరెంటు పంపవచ్చన్నది సుడులు ఎంత గట్టిగా నిలబడతాయన్న దాని మీదే ఆధారపడుతుంది. సుడి నడిమధ్యలో అతివాహకత ఎలాగూ ఉండదు. కాబట్టి పదార్థంలో అతివాహకత లేని లోపం ఎక్కడుంటే అక్కడ నిలవడం దానికి శక్తిపరంగా లాభం. గుంజకు కట్టిన పశువులా అక్కడే ఆగిపోతుంది. ఏ లోపమూ లేని స్ఫటికంలో దానికి ఆ కట్టు ఉండదు.

పలుచని పొరల్లో చిక్కు ఇంకా ఎక్కువ. పొరకు నిలువుగా తగిలే క్షేత్రం అంచుల దగ్గర దట్టమవుతుంది. సుడులు అక్కడి నుంచే చొరబడతాయి. మెగ్నీషియం డైబోరైడ్ అనే అతివాహకపు పొరల్లో మైనస్ 263 డిగ్రీలకు దిగువన ఈ చొరబాటు ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. కదిలే సుడులు వేడి పుట్టిస్తాయి, ఆ వేడికి పక్క సుడుల పట్టు సడలుతుంది, అవీ కదులుతాయి. ధ్రువిత కాంతిలో తీసిన చిత్రాల్లో అంచు నుంచి లోపలికి కొమ్మలు కొమ్మలుగా చీలిన అభివాహం స్పష్టంగా కనిపిస్తుంది.

అందుకే ఇంజనీర్లు లోపాలను కావాలనే నాటుతున్నారు. యిట్రియం బేరియం కాపర్ ఆక్సైడ్ టేపులో అతివాహక పొర మందం ఒకటి రెండు మైక్రాన్లే. అందులో బేరియం జిర్కొనేట్ కలిపితే కొద్ది నానోమీటర్ల లావున్న స్తంభాలు ఏర్పడి సుడులను నిలువునా పట్టి ఉంచుతాయి. అలాగని మోతాదు మించితే కరెంటు దారే ఇరుకవుతుంది. ఇలాంటి అతివాహక టేపులతో చుట్టిన అయస్కాంతమే 2021లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో 20 టెస్లాలకు చేరింది. ఓన్స్ ఆశ నెరవేరింది శుద్ధత వల్ల కాదు, లోపాన్ని సరైన కొలతలో, సరైన చోట ఉంచడం నేర్చుకున్నందువల్ల.