సలహా చాలదు, సంతకం కావాలి

చదువుకున్నవాళ్లు రాజకీయాల్లోకి రావాలన్న మాట ఎన్నికలు వచ్చినప్పుడల్లా వినిపిస్తుంది. కానీ అఫిడవిట్లు తిరగేస్తే డిగ్రీలకు కరువేమీ కనిపించదు. 2024లో లోక్‌సభకు గెలిచిన 543 మందిలో నాలుగింట మూడొంతులకు పైగా పట్టభద్రులే. అవే అఫిడవిట్ల ప్రకారం గెలిచినవారిలో 46 శాతం మందిపై క్రిమినల్ కేసులున్నాయి, 93 శాతం మంది కోటీశ్వరులు. పట్టా చేతిలో ఉన్నంత మాత్రాన రాజకీయం బాగుపడదని దీన్నిబట్టే తెలుస్తోంది. మరి నిపుణులను ఎందుకు రమ్మనాలి? చేసిన పనిని కొలిచి ఎం-బుక్ అనే కొలతల పుస్తకంలో ఎక్కించి కింద సంతకం పెట్టే ఇంజినీరు, లెక్క తేలందే బ్యాలెన్స్ షీటుపై సంతకం పెట్టని ఆడిటరు, పరీక్షలు చూడకుండా మందు రాయని డాక్టరు... వీళ్లందరికీ వృత్తి నేర్పిన అలవాటు ఒకటుంది. ముందు కొలత, తర్వాత నిర్ణయం, ఆ నిర్ణయానికి తన పేరు మీదే పూచీ. ప్రజల సొమ్ము ఖర్చయ్యే చోట కొరవడింది ఆ అలవాటే.

ఆ అలవాటును అధికారంలోకి వెంట తీసుకెళ్లిన తెలుగువాడు కానూరి లక్ష్మణరావు. నాగార్జునసాగర్ రూపకల్పనలో ముఖ్యపాత్ర పోషించిన ఈ ఇంజినీరు 1962లో విజయవాడ నుంచి లోక్‌సభకు గెలిచారు. 1967, 1971లలోనూ అక్కడి ఓటర్లు ఆయన్నే పంపారు. కేంద్రంలో నీటిపారుదల, విద్యుత్తు శాఖలు చూశారు. ఇంజినీరుగా ఉన్నన్నాళ్లూ ఎంత గొప్ప నిపుణుడైనా చేయగలిగింది డిజైను ఇవ్వడం, నివేదిక రాయడం. ఏ ప్రాజెక్టు ముందు, ఏది వెనక, దేనికెంత డబ్బు అన్నది తేల్చేది మంత్రి. ఆ నివేదిక తనంతట తాను చదివి అర్థం చేసుకోగల మంత్రి అడిగే ప్రశ్నలు వేరుగా ఉంటాయి. పులిచింతల ప్రాజెక్టుకు ఆయన పేరు పెట్టుకున్నాం. ఆయన నడిచిన దారిని మాత్రం మన ఇంజినీర్లు పెద్దగా పట్టించుకోలేదు.

ఢిల్లీ దాకా వెళ్లకుండానే ఆ అలవాటును పాలనలోకి తేవచ్చని మహారాష్ట్రలోని హివరే బజార్ చూపించింది. పూర్వపు అహ్మద్‌నగర్ జిల్లాలో వానలు అంతంతమాత్రంగా పడే ఊరది. ఎంకాం చదివిన పోపట్‌రావు పవార్ 1989లో అక్కడ సర్పంచ్ అయ్యారు. గుట్టల మీద కందకాలు తవ్వించి, వాన నీటికి అడ్డుకట్టలు వేయించడంతో సరిపెట్టుకోలేదు, ఊరికి నీటి బడ్జెట్ నేర్పారు. ఏటా పడిన వానను, బావుల్లో నీటిమట్టాన్ని కొలుస్తారు. అందులోంచి మనుషులకు, పశువులకు కావలసిన నీళ్లు ముందే పక్కన పెడతారు. మిగిలినదాన్ని బట్టి ఏ పంట ఎంత వేయాలో ఊరంతా కూర్చుని తేల్చుకుంటుంది. సాగుకు బోర్లు వేయకూడదని, చెరకులాంటి పంటలు వద్దని ఊరే కట్టుబాటు పెట్టుకుంది. జమాఖర్చుల చదువు చివరికి నీటి లెక్కకు పనికొచ్చింది. 2020లో పవార్‌కు పద్మశ్రీ ప్రకటించారు.

ఇలా నిపుణులకు పెద్దపీట వేస్తే చదువుకోలేకపోయినవాళ్ల మాటేమిటి? న్యాయమైన అభ్యంతరమే. చదువు మధ్యలోనే ఆగిపోయిన కామరాజ్ మద్రాసు ముఖ్యమంత్రిగా ఊరూరా బళ్లు తెరిపించి, పిల్లలకు మధ్యాహ్న భోజనం పెట్టించారు. మరోపక్క 2009లో బయటపడ్డ సత్యం కంప్యూటర్స్ కుంభకోణంలో లేని నగదును ఉన్నట్టు చూపిన లెక్కలను సరేనని ధ్రువీకరించింది పెద్ద చదువులవాళ్లే. అందుకే చదువును పోటీకి అర్హతగా పెట్టకూడదు. హర్యానా పంచాయతీలకు పెట్టిన అలాంటి నిబంధనను 2015లో సుప్రీంకోర్టు సమర్థించినా, రాజస్థాన్ మాత్రం తన నిబంధనను 2019లో ఎత్తేసింది. అదే సబబు. నిపుణులు కూడా అందరిలాగే ఓటు అడిగి గెలవాలి.

అడిగినా ఓటెవరు వేస్తారన్నది రెండో అభ్యంతరం. 2014లో బెంగళూరు దక్షిణంలో ఇన్ఫోసిస్ సహ వ్యవస్థాపకుడు నందన్ నీలేకని ఓడిపోయారు. వైద్యం చదివి, ఐఏఎస్ వదిలి వచ్చిన జయప్రకాశ్ నారాయణ 2009లో కూకట్‌పల్లిలో గెలిచినా, ఆయన పార్టీ లోక్‌సత్తాకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మొత్తం మీద దక్కింది ఆ ఒక్క సీటే. అసెంబ్లీ అభ్యర్థి ఖర్చుకు చట్టం విధించిన పరిమితే 40 లక్షలు, అసలు ఖర్చెంతో ఓటర్లకు తెలియనిది కాదు. గెలిచినా 1985 నాటి ఫిరాయింపుల నిరోధక చట్టం ప్రకారం పార్టీ విప్‌కు తలవంచక తప్పదు. అయితే ఇవన్నీ పై మెట్ల కష్టాలు. తెలుగు రాష్ట్రాల్లో గ్రామ పంచాయతీ ఎన్నికలు పార్టీ గుర్తుల మీద జరగవు. పార్టీ ఇచ్చే బీ-ఫారం కోసం ఎవరి గుమ్మం దగ్గరా పడిగాపులు కాయనక్కర్లేదు. డబ్బు, మందు అక్కడా పారుతున్నాయి, కానీ తన బిడ్డకు జ్వరం తగ్గించిన డాక్టరును ఓటరుకు కొత్తగా పరిచయం చేయాల్సిన పని లేదు. తాగునీరు, చిన్ననీటి వనరులు, రోడ్లు, ప్రాథమిక విద్య సహా 29 అంశాలను రాజ్యాంగంలోని 11వ షెడ్యూలు పంచాయతీల ముందుంచింది. రాష్ట్రాలు వాటన్నిటినీ మనస్ఫూర్తిగా అప్పగించలేదు. పోరాడి తెచ్చుకోవాలన్నా లెక్క తెలిసిన గొంతు ఊరికి ఉండాలి.

ప్రభుత్వోద్యోగులు రాజీనామా చేయకుండా పోటీ చేయలేరు. సొంత ప్రాక్టీసు ఉన్న డాక్టర్లకు, లాయర్లకు, ఆడిటర్లకు, రిటైరైన ఇంజినీర్లకు ఆ అడ్డంకి లేదు. వచ్చే గ్రామసభకు వెళ్లండి, నిరుటి పద్దు అడిగి చదవండి, తేడా కనిపిస్తే లేచి ప్రశ్నించండి. జవాబు రాకపోతే తర్వాతి నోటిఫికేషన్‌కు నామినేషన్ వేయండి.