మీకు తెలుసా? ఆ అక్షరం అక్కడెందుకుంది?

2021లో అమెరికా జాతీయ స్పెల్లింగ్ బీ పోటీలో జైలా అవాంట్‌గార్డ్ అనే పద్నాలుగేళ్ల అమ్మాయికి 50,000 డాలర్లు తెచ్చిపెట్టిన మాట మన కరివేపాకుకు దగ్గరి చుట్టం. ఆ మాట ‘ముర్రయా’. అదొక మొక్కల ప్రజాతి పేరు. మనం రోజూ పోపులో వేసుకునే కరివేపాకుకు వృక్షశాస్త్ర గ్రంథాలు చాలాకాలంగా రాస్తూ వచ్చిన పేరు ‘ముర్రయా కోనిగీ’. అందులో మొదటి మాట వృక్షశాస్త్రజ్ఞుడు లినేయస్ శిష్యుడు యోహాన్ ఆండ్రియాస్ మరే పేరు మీద వచ్చింది. రెండోది ఇంకో శిష్యుడు యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ పేరు మీద వచ్చింది. ఈ కోనిగ్ డేనిష్ మిషన్ వైద్యుడిగా తరంగంబాడికి వచ్చాడు. ఆర్కాటు నవాబు దగ్గరా, తర్వాత ఈస్టిండియా కంపెనీలోనూ మొక్కల శాస్త్రజ్ఞుడిగా కొలువు చేశాడు. 1785లో మన కాకినాడ జగన్నాథపురంలో కన్నుమూశాడు.

జైలా ఆ స్పెల్లింగ్ చెప్పే ముందు ఏం చేసిందో తెలుసా? ఒక హాస్యనటుడికి ఉండే ‘మరే’ అన్న పేరు ఈ మాటలో ఉందా అని అడిగింది. హాలంతా నవ్వింది. ఆ అమ్మాయి మాత్రం మాట ఎక్కడి నుంచి వచ్చిందో పట్టేసుకుంది. స్పెల్లింగంటే బట్టీ పట్టడమే అనుకునేవాళ్లందరికీ నేను చెప్పదలచుకున్నది ఇదే. ఇంగ్లిషులో ప్రతి అక్షరం వెనకా ఒక కథ ఉంటుంది. ఆ కథ అడిగి తెలుసుకుంటే పరీక్ష ఆటైపోతుంది.

ప్రశ్నలు అడగొచ్చు!

స్పెల్లింగ్ బీలో మాట వినగానే గబగబా అక్షరాలు చెప్పేయాలని ఎక్కడా లేదు. అర్థం అడగొచ్చు. ఏ భాష నుంచి వచ్చిందో అడగొచ్చు. నామవాచకమా, క్రియా అని అడగొచ్చు. ఒక వాక్యంలో వాడి చూపించమనొచ్చు. ఇంకో ఉచ్చారణ ఉంటే అదీ వినిపించమనొచ్చు. గడియారంలో సమయం మిగిలి ఉన్నంతవరకు ఈ ప్రశ్నలన్నీ పిల్లల హక్కే.

ఏ భాష అన్న ప్రశ్న ఒక్కటి చాలు, సగం పని అయిపోయినట్టే. గ్రీకు మాటైతే ‘ఫ’ శబ్దానికి ఎఫ్ రాయరు, పీహెచ్ రాస్తారు. ఫిలాసఫీ, ఫోటో అలా వచ్చినవే. గ్రీకులోనే ‘క’ శబ్దానికి చాలాసార్లు సీహెచ్ వస్తుంది, కోరస్, కెమిస్ట్రీలలాగా. అదే సీహెచ్ ఫ్రెంచి మాటలో ‘ష’ అవుతుంది: షెఫ్, మెషీన్. జర్మన్ మాటైతే ‘ష’కి ఎస్‌సీహెచ్ రావచ్చు. స్కూల్లో మనకు ఇవన్నీ మినహాయింపులని చెప్పి వదిలేశారు. నిజానికి ఏ ఊరి నుంచి వచ్చిన మాట ఆ ఊరి కట్టుబాటునే పాటిస్తోంది.

అడగకుండా చెబితే ఏమవుతుందో 2025 ఫైనల్ చూపించింది. హైదరాబాద్ నుంచి వెళ్లిన కుటుంబంలోని ఫైజాన్ జకీకి గెలుపు అందేంత దూరంలో ఉంది, మిగిలిన ఇద్దరూ అప్పటికే తప్పు చెప్పారు. అతనికిచ్చిన మాట ‘కమెలినా’. నీలి పూలు పూసే ఒక కలుపు మొక్కల ప్రజాతి పేరది. ఆ ఊపులో ఒక్క ప్రశ్న కూడా అడగకుండా ‘కే’తో మొదలుపెట్టేశాడు. అది ‘సీ’తో మొదలవుతుంది. పోటీ మళ్లీ ముగ్గురి మధ్యకు వచ్చింది. ఆ తర్వాత ‘ఎక్లేర్సిస్‌మాఁ’ అనే నోరు తిరగని ఫ్రెంచి మాట చెప్పి ఛాంపియన్ అయ్యాడు. చిక్కుముడి విప్పి స్పష్టం చేయడం అని దాని అర్థం.

మొదటి బహుమతి బంగారు నాణేలు

ఈ జాతీయ పోటీ మొదటిసారి 1925లో వాషింగ్టన్‌లో జరిగింది. తొమ్మిది మంది పిల్లలు తలపడ్డారు. కెంటకీ రాష్ట్రం లూయీవిల్‌కి చెందిన పదకొండేళ్ల ఫ్రాంక్ న్యూహౌసర్ ‘గ్లాడియోలస్’ అనే పువ్వు పేరు సరిగ్గా చెప్పి 500 డాలర్ల బంగారు నాణేలు గెలుచుకున్నాడు. ఆ పువ్వును అతను స్వయంగా పెంచాడు కూడా. బీ అంటే ఇక్కడ తేనెటీగ కాదు. అమెరికా పల్లెల్లో ఇరుగుపొరుగు వాళ్లు చేరి కలిసికట్టుగా పని చేసుకునే కూడికకు అదే పేరు.

మన పిల్లలు

2012లో స్నిగ్ధ నందిపాటి, 2013లో అరవింద్ మహంకాళి, 2016లో మరొకరితో కలిసి నిహార్ జంగా, 2018లో కార్తీక్ నెమ్మాని, 2024లో బృహత్ సోమా. ఈ తెలుగు పేర్లన్నీ ఆ పోటీ విజేతల పట్టికలో ఉన్నాయి. బృహత్ టైబ్రేకర్‌లో 90 సెకన్లలో 29 మాటలు సరిగ్గా చెప్పాడు. అంటే ఒక్కో మాటకు దాదాపు మూడు సెకన్లు.

వీళ్లలో అరవింద్ కథ నాకు మరీ ఇష్టం. 2011లోనూ 2012లోనూ మూడో స్థానంలోనే ఆగిపోయాడు. రెండుసార్లూ అడ్డుపడ్డది జర్మన్ మూలం ఉన్న మాటే. ఎక్కడ దెబ్బ తగిలిందో అక్కడే కూర్చుని చదివాడు. 2013లో గెలిపించిన మాట ‘క్నేడల్’. యూదులు చారులో వేసుకునే ఉండ పేరది, జర్మన్‌కు దగ్గరి బంధువైన యిడ్డిష్ నుంచి వచ్చింది. విచిత్రమేమంటే, ఆ స్పెల్లింగ్ సరైనది కాదని మర్నాడే యిడ్డిష్ పండితులు అభ్యంతరం చెప్పారు. కానీ పోటీకి ప్రమాణం వెబ్‌స్టర్ నిఘంటువు. అందులో ఎలా ఉంటే అదే చెల్లుబాటు.

ఈ విజయాల వెనక ఇంకో సంగతి ఉంది. రత్నం చిట్టూరి 1989లో నార్త్ సౌత్ ఫౌండేషన్ స్థాపించారు. అమెరికాలోని భారతీయ పిల్లలకు ఈ సంస్థ 1993 నుంచి స్పెల్లింగ్, పదసంపద పోటీలు పెడుతోంది. వచ్చిన సొమ్ముతో ఇక్కడ భారతదేశంలో చదువుకునే పేద విద్యార్థులకు స్కాలర్‌షిప్పులు ఇస్తోంది. అక్కడ ఒక పిల్లవాడి ఆట ఇక్కడ ఇంకో పిల్లవాడి కాలేజీ ఫీజు అవుతోంది. ఏ ట్రోఫీ కన్నా ఇదే గొప్పదని నా అభిప్రాయం.

పలకని అక్షరాలు ఎవరు పెట్టారు?

‘డెట్’ అంటే అప్పు. అందులో ‘బీ’ ఎందుకుందని ప్రతి పిల్లవాడూ అడుగుతాడు, అడగాలి కూడా. ఫ్రెంచి నుంచి ఇంగ్లిషులోకి వచ్చినప్పుడు దానిలో ‘బీ’ లేదు. దీని పుట్టిల్లు లాటిన్ అని చూపించడానికి పండితులు తర్వాత దాన్ని చొప్పించారు. ‘ఐలండ్’ది ఇంకా అన్యాయం. ఆ మాటకు లాటిన్‌తో సంబంధమే లేదు, అచ్చమైన పాత ఇంగ్లిషు మాట. లాటిన్ ‘ఇన్సులా’ను చూసి పొరపాటున ‘ఎస్’ తగిలించారు. పొరపాటు అలాగే నిలిచిపోయింది.

‘గోస్ట్’లో హెచ్ అచ్చుయంత్రంతో పాటు వచ్చిందంటారు. విలియం కాక్స్‌టన్ 1476లో ఇంగ్లండులో మొదటి ముద్రణశాల తెరిచాడు. అచ్చుపని నేర్చుకుంది ఐరోపా గడ్డ మీద, ఫ్లెమిష్ వాళ్ల మధ్య. వాళ్ల రాత అలవాటు మన దెయ్యానికి అంటుకుంది. ‘నైట్’ అనే వీరుడి మాటలో కే, జీహెచ్ మాత్రం ఒకప్పుడు నిజంగానే పలికేవాళ్లు. నోరు మారింది, రాత మారలేదు. సుమారు 1400 నుంచి 1700 దాకా ఇంగ్లిషు అచ్చుల ఉచ్చారణ అంతా తలకిందులైంది. సరిగ్గా ఆ కాలంలోనే అచ్చుపుస్తకాలు స్పెల్లింగులను స్థిరం చేశాయి.

సరిచేద్దామని చూసినవాళ్లూ ఉన్నారు. నిఘంటుకర్త నోవా వెబ్‌స్టర్ ‘కలర్’లో ‘యూ’ తీసేస్తే అమెరికా ఒప్పుకుంది. ‘టంగ్’ను టీ యూ ఎన్ జీ అని రాయమంటే ఒప్పుకోలేదు. 1906లో అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ 300 మాటలకు సులువైన స్పెల్లింగులు వాడాలని ప్రభుత్వ ముద్రణాలయాన్ని ఆదేశించాడు. ప్రతినిధుల సభ ఎదురు తిరగడంతో ఆ ఏడాదిలోనే వెనక్కి తగ్గాడు.

ఇప్పుడు మీ వంతు

ఫోన్ పక్కన పెట్టి ఈ ఐదు మాటలూ కాగితం మీద రాసి చూడండి: సెపరేట్, అకామడేషన్, హరాస్, ఎంబరాస్, ప్రనన్సియేషన్.

సెపరేట్‌లో ‘పీ’ తర్వాత ‘ఏ’ రావాలి, ‘ఈ’ కాదు. అకామడేషన్‌లో సీలు రెండు, ఎమ్‌లూ రెండే. మన ఊళ్లలో లాడ్జి బోర్డుల మీద ఒక ఎమ్ తరచూ ఎగిరిపోతుంటుంది. హరాస్‌లో ఆర్ ఒకటే, ఎంబరాస్‌లో రెండు. ఎస్‌లు రెండింటిలోనూ రెండేసి. ఇక ‘ప్రొనౌన్స్’లో ‘ఎన్’కు ముందుండే ‘ఓయూ’లో ‘ఓ’ కాస్తా ప్రనన్సియేషన్‌కి వచ్చేసరికి మాయమవుతుంది. నాలుగు సరిగ్గా రాస్తే భేష్.

వ్యాకరణంలో ఒక్క ప్రశ్న. ‘వియ్ డిస్కస్డ్ అబౌట్ ద ప్రాబ్లమ్’ అనే వాక్యం సరైనదేనా? కాదు, ‘అబౌట్’ అక్కర్లేదు. మనం సమస్య ‘గురించి’ చర్చిస్తాం కాబట్టి ఆ ‘గురించి’ ఇంగ్లిషులోకి కూడా వచ్చేస్తుంది. ‘వన్ ఆఫ్ మై ఫ్రెండ్’ అన్న తప్పుకు మాత్రం తెలుగే మందు. ‘నా స్నేహితుడిలో ఒకడు’ అని మనం ఎప్పుడూ అనం కదా! స్నేహితుల్లో ఒకడు అంటాం. అలాగే అక్కడా బహువచనమే, ‘ఫ్రెండ్స్’.

కామా ఖరీదు 50 లక్షల డాలర్లు

అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో ఏ పనులకు ఓవర్‌టైమ్ ఇవ్వనక్కర్లేదో ఒక చట్టం వరసగా చెప్పింది. ఆహార పదార్థాలను డబ్బాల్లో నింపడం, ఎండబెట్టడం, నిల్వ చేయడం ఇలా సాగి, చివర్లో ‘ప్యాకింగ్ ఫర్ షిప్‌మెంట్ ఆర్ డిస్ట్రిబ్యూషన్’ అని ముగిసింది. ‘షిప్‌మెంట్’ తర్వాత కామా లేదు. అప్పుడు పంపిణీ అన్నది విడిగా ఒక పనా, లేక పంపిణీ కోసం ప్యాక్ చేయడమని అర్థమా? ఓక్‌హర్స్ట్ డెయిరీ లారీ డ్రైవర్లు ఈ ప్రశ్నతోనే కోర్టుకెక్కారు. తాము పంపిణీ చేస్తామే గానీ ప్యాక్ చేయం కాబట్టి ఓవర్‌టైమ్ రావాల్సిందే అన్నారు. 2017లో అప్పీలు కోర్టు చట్టంలో అస్పష్టత ఉందంటూ వాళ్ల వైపు మొగ్గింది. మరుసటి ఏడాది 50 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. ఆ తీర్పు తర్వాత చట్టాన్ని కామాలు తీసేసి సెమీకోలన్లతో తిరగరాశారు.

పుట్టుక లేని మాట

1934 నాటి వెబ్‌స్టర్ పెద్ద నిఘంటువులో ‘డార్డ్’ అనే మాట ఉంది. అర్థం సాంద్రత. అసలు అలాంటి మాట ప్రపంచంలో లేదు. సాంద్రతకు గుర్తుగా పెద్ద ‘డి’ గానీ చిన్న ‘డి’ గానీ వాడవచ్చని ఎవరో రాసిన చీటీలో ‘డి ఆర్ డి’ అని ఉంటే, దాన్ని ఒకే మాటగా కలిపి చదివి అచ్చు వేశారు. 1939లో ఒక సంపాదకుడి కంటపడింది. ఎలా పడిందంటే, అన్ని మాటలకూ ఏ భాష నుంచి వచ్చిందో రాసి ఉంది, దీనికి మాత్రం లేదు.

పందికొక్కు ప్రయాణం

ఇంగ్లిషు ‘బాండికూట్’ మన పందికొక్కే. తెలుగు నేల నుంచి వెళ్లిన ఆ మాటను తర్వాత ఆస్ట్రేలియాలో పొట్టసంచి ఉండే వేరే జంతువుకు పెట్టుకున్నారు. ‘అయ్యో’ కూడా 2016లో ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిషు నిఘంటువుకు ఎక్కింది. మనం ఇంగ్లిషు నుంచి తీసుకోవడమే కాదు, ఇచ్చాం కూడా.

అర్థం తెలియకుండా ప్రపంచ విజేత

న్యూజిలాండ్ దేశస్థుడు నైజెల్ రిచర్డ్స్ 2015లో అక్షరాలతో మాటలు కూర్చే ఆట స్క్రాబుల్‌లో ఫ్రెంచి ప్రపంచ పోటీ గెలిచాడు. ఆయనకు ఫ్రెంచి మాట్లాడటం రాదు. 2024లో స్పానిష్ పోటీ కూడా అలాగే గెలిచాడు. అనుమతించిన మాటల జాబితాను బుర్రలోకి ఎక్కించుకున్నాడంతే. ఆ జ్ఞాపకశక్తికి చేతులెత్తి దండం పెట్టాల్సిందే. అయినా పిల్లలకు నేను చూపించే దారి అది కాదు, జైలా దారి.

అందుకే ఈ ఆదివారం ఇంట్లో ఒక ఆట ఆడండి. నిఘంటువు తెరిచి ఒక మాట చదవండి. స్పెల్లింగ్ చెప్పే ముందు పిల్లవాడు కనీసం రెండు ప్రశ్నలు అడగాలని నియమం పెట్టండి: దాని అర్థమేమిటి, అది ఎక్కడి నుంచి వచ్చింది? తాతయ్యనూ అమ్మమ్మనూ కూడా కూర్చోబెట్టండి, ఒక్కో మాటకు తెలుగు మాట చెప్పడం వాళ్ల వంతు. తప్పు చెబితే మార్కులు కోయకండి, ఆ అక్షరం అక్కడెందుకుందో కలిసి వెతకండి.