రిక్తహస్తాలకు దక్కిన పతకం

యుద్ధభూమిలో పరాక్రమం చూపిన వీరులను సత్కరించడం అన్ని దేశాలలోనూ ఉన్న ఆచారమే. ముక్కూ మొగం తెలియని మనిషి నీటిలో మునిగిపోతుంటే, తన ప్రాణాన్ని లెక్కచేయక దూకినవాడి సాహసం కూడా అంతటి సత్కారానికి తగినదే. అయితే అలా దూకినవాడు ఆపన్నుణ్ణి కాపాడలేక రిక్తహస్తాలతో తిరిగివస్తే, అతణ్ణి వీరుడని అనవచ్చునా? పందొమ్మిదో శతాబ్దపు ఆంగ్ల నావికుడు మాథ్యూ వెబ్ జీవితం ఈ ప్రశ్నకు సమాధానం చెబుతుంది.

పద్దెనిమిదో శతాబ్దంలో నీట మునిగి స్పృహ తప్పినవారిని మరణించినట్లుగానే భావించేవారు. సకాలంలో తగిన ఉపచారం చేస్తే వారిలో కొందరైనా తిరిగి ఊపిరి పీల్చగలరని విలియం హాస్, థామస్ కోగన్ అనే ఇద్దరు వైద్యులు గట్టిగా నమ్మారు. ఆ విశ్వాసంతోనే 1774లో లండన్ నగరంలో వారు ఒక సంఘాన్ని నెలకొల్పారు. అదే తరువాతి కాలంలో రాయల్ హ్యూమేన్ సొసైటీగా ప్రసిద్ధికెక్కింది. మునిగిపోతున్నవారిని ఒడ్డుకు చేర్చినవారికీ, వారిని బ్రతికించడానికి పాటుపడినవారికీ ఆ సంఘం బహుమతులను, పతకాలను ప్రదానం చేసేది.

ఆ పతకంపై చెక్కిన బొమ్మ అర్థవంతమైనది. ఆరిపోయిన కాగడాను ఒక బాలుడు నోటితో ఊదుతూ ఉంటాడు. చిన్న నిప్పురవ్వ ఇంకా దాగి ఉందేమో అనే భావాన్ని తెలిపే లాటిన్ వాక్యం దాని చుట్టూ ఉంటుంది. పతకం రెండవ వైపున ఉండే వాక్యం మాత్రం అందరికీ ఒకటి కాదు. ప్రాణం కాపాడగలిగిన వారి పతకంపై, తోటి పౌరుణ్ణి రక్షించినందుకు ఈ బహుమానం పొందాడని ఉండేది. ప్రయత్నించి విఫలుడైనవాడి పతకంపై, తన ప్రాణాన్ని ఆపదకు ఒడ్డినందుకు సంఘం దీనిని ఇచ్చిందని ఉండేది. ఫలితం దక్కకపోయినా ప్రయత్నం వృథా కాదని గుర్తించిన ఉదాత్త దృష్టి ఇందులో కనిపిస్తుంది.

మాథ్యూ వెబ్ 1848లో ఇంగ్లాండులోని ష్రాప్‌షైర్ ప్రాంతానికి చెందిన డాలీ అనే ఊరిలో ఒక వైద్యుని ఇంట జన్మించాడు. సెవర్న్ నదిలో ఈత నేర్చుకొన్నాడు. ఆ నదిలోనే మునిగిపోతున్న తన సోదరుణ్ణి పిన్న వయస్సులోనే కాపాడాడు. పన్నెండేళ్ళ ప్రాయంలో నావికవిద్యలో చేరి, క్రమంగా వాణిజ్యనౌకలలో ఉద్యోగిగా స్థిరపడ్డాడు. ఆ రోజులలో సముద్రమే జీవనాధారమైన నావికులలో కూడా చాలామందికి ఈత వచ్చేది కాదు. వచ్చినా నడిసంద్రంలో పడినవాడు బ్రతకడం దుర్లభం. వేగంగా సాగే ఓడ ఆగి, పడవను దింపి వెనుకకు పంపేలోగా పడినవాడు చాలా దూరంలో ఉండిపోయేవాడు. అలల మధ్య మనిషి తల కంటికి ఆనేది కాదు.

1873 ఏప్రిల్‌లో వెబ్ ‘రష్యా’ అనే పేరుగల ఓడలో పనిచేస్తున్నాడు. అది కునార్డ్ కంపెనీ వారి ప్రయాణికుల నౌక. న్యూయార్క్ నుండి లివర్‌పూల్‌కు వస్తుండగా, అట్లాంటిక్ మహాసముద్రం నడుమ ఒక యువనావికుడు తెరచాప తాళ్ళ మీదినుండి జారి సముద్రంలో పడిపోయాడు. క్షణం ఆలస్యం చేయక వెబ్ ఆ ఎగసిపడే అలలలోకి దూకాడు. దూరాన నల్లగా ఏదో తేలుతూ కనిపించింది. మనిషి తల అనుకొని ఆశతో ఈదుకొంటూ వెళ్ళాడు. తీరా చూస్తే అది ఆ యువకుని టోపీ మాత్రమే! వణికించే చలినీటిలో అరగంటకు పైగా గడిపిన తరువాత ఓడవారు పంపిన పడవ వెబ్‌ను చేరుకొంది. యువకుని జాడ మాత్రం ఎన్నటికీ దొరకలేదు.

నౌకాదళాధికారి కెప్టెన్ స్టాన్‌హోప్ స్మృత్యర్థం ఆ కాలంలోనే ఒక స్వర్ణపతకం ఏర్పాటయింది. ఏడాదిలో జరిగిన ప్రాణరక్షణ సాహసాలలో మిన్న అయినదానికి రాయల్ హ్యూమేన్ సొసైటీ దానిని బహూకరించాలన్నది నియమం. ఆ పతకాన్ని అందుకొన్న మొట్టమొదటివాడు వెబ్. ఎవరినీ ఒడ్డుకు చేర్చలేనివాడికే ఆ తొలి పతకం దక్కడం గమనింపదగిన విషయం. దానితోపాటు నూరు పౌన్ల పారితోషికం కూడా లభించింది. పత్రికలు ఆయనను వేనోళ్ళ కొనియాడాయి.

తరువాత వెబ్ దృష్టి ఇంగ్లీషు ఛానెల్ వైపు మళ్ళింది. 1875 ఆగస్టు 24న డోవర్ రేవులో నీటిలోకి దూకి, జెల్లీచేపల కాట్లను, ఎదురు ప్రవాహాలను సహిస్తూ, 21 గంటల 45 నిమిషాలు ఈది, మరునాడు ఫ్రాన్సులోని కలే తీరం చేరాడు. ఏ కృత్రిమ సాధనమూ లేకుండా ఛానెల్‌ను ఈదిన మొదటి మానవుడు ఆయనే. ఆ ఘనతను మరొకరు సాధించడానికి 1911 వరకు ఆగవలసి వచ్చింది.

అయితే కీర్తి కడుపు నింపదు. జీవనం కోసం వెబ్ నీటి తొట్లలో గంటల తరబడి తేలుతూ ప్రదర్శనలు ఇవ్వవలసి వచ్చింది. ఆరోగ్యం క్షీణించింది. చివరకు ధనం ఆశించి, నయాగరా జలపాతం దిగువన సుడులు తిరిగే భయంకర ప్రవాహాన్ని ఈదడానికి సిద్ధపడ్డాడు. హితుల మాటలు చెవికెక్కలేదు. 1883 జూలై 24న ఆ సుడిగుండాలు ఆయనను బలిగొన్నాయి. అప్పటికి ఆయన వయస్సు ముప్పైఅయిదు సంవత్సరాలే. భార్య, ఇద్దరు పసిబిడ్డలు దిక్కులేనివారయ్యారు.

అట్లాంటిక్‌లో దూకినవాడూ, నయాగరాలో దూకినవాడూ ఒక్కడే. ధైర్యమూ ఒక్కటే. మొదటిసారి అతణ్ణి కదిలించినది సాటిమనిషి ఆపద, రెండవసారి కదిలించినది తన అవసరం. డాలీలో 1909లో నెలకొల్పిన స్మారకం మీద, ఘనకార్యమేదీ సులభం కాదనే అర్థంగల మాట చెక్కి ఉంది. అది ఛానెల్‌ను జయించిన ఈతగానికి చెందిన మాట. కాని వెబ్ చేసిన ఘనకార్యాలలో అతి కష్టమైనది, కేవలం ఒక టోపీ కనిపించిన ఆ అరగంటలో జరిగింది. ఆ సంగతి గుర్తించిన పతకం కనుకనే అది విలువైనదయింది.