రాజుల లోయ

రాజుల లోయ ఈజిప్టు దేశంలో లక్సర్ నగరానికి ఎదురుగా, నైలు నది పడమటి ఒడ్డున ఉన్న కొండల నడుమ గల ఒక లోయ. ప్రాచీన ఈజిప్టును పాలించిన 18, 19, 20వ వంశాల ఫారోలలో అత్యధికులు ఇక్కడ సమాధి చేయబడ్డారు. అరబ్బీ భాషలో దీనిని వాదీ అల్ ములూక్ అంటారు. క్రీ.పూ. 16వ శతాబ్దం నుండి క్రీ.పూ. 11వ శతాబ్దం వరకు, అనగా సుమారు 500 సంవత్సరాలపాటు, ఇది రాజవంశీకుల శ్మశానవాటికగా ఉన్నది. ఇంతవరకు ఇక్కడ 60కి పైగా సమాధులు బయటపడినవి. అయితే నేడు సందర్శకులు చూచే సమాధులలో దాదాపు ఎక్కడా రాజుల దేహాలు లేవు. కనుక ఒక సమాధి ఎవరి కొరకు తొలచబడినది, ఆ రాజు దేహం చివరకు ఎక్కడికి చేరినది అనే రెండు విషయాలను విడివిడిగా తెలుసుకోవలసి ఉంటుంది. 1979లో యునెస్కో ఈ లోయతో సహా ప్రాచీన థీబ్స్ నగరాన్ని, దాని శ్మశానవాటికలను ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించినది.

ఉనికి

లక్సర్ ప్రాంతమే ప్రాచీన కాలంలో థీబ్స్ నగరం. సూర్యుడు అస్తమించే పడమటి దిక్కును ఈజిప్షియనులు మృతుల లోకంగా భావించేవారు. అందుచేత దేవాలయాలు, నివాసాలు ఎక్కువగా తూర్పు ఒడ్డున, సమాధులు పడమటి ఒడ్డున వెలసినవి. సున్నపురాతి కొండలలో ఏర్పడిన ఈ లోయకు తూర్పు, పడమర అని రెండు శాఖలు కలవు. సమాధులలో ఎక్కువ భాగం తూర్పు శాఖలోనే ఉన్నవి. లోయపైన అల్ ఖుర్న్ అనే శిఖరం పిరమిడ్ ఆకారంలో కనిపిస్తుంది.

లోయను ఎంచుకొనుటకు కారణాలు

అంతకుపూర్వపు రాజులు పిరమిడ్లు కట్టించుకున్నారు. ఎంతో దూరానికి కూడా కనిపించే ఆ కట్టడాలు దొంగల పాలయ్యాయి. కొత్త రాజ్య కాలపు ఫారోలు పద్ధతి మార్చారు. రాజును స్మరించి పూజలు జరిపే దేవాలయాన్ని మైదానం అంచున అందరికీ కనిపించేలా కట్టి, దేహాన్ని మాత్రం కొండల చాటున రాతిని తొలిచి దాచారు. మొదటి తుత్మోస్ సమాధి పనిని తాను రహస్యంగా జరిపించినట్లు ఇనేని అనే అధికారి తన సొంత సమాధి గోడపై వ్రాయించుకున్నాడు.

నిర్మాణం

ఈ సమాధులను తొలిచినవారు సమీపంలోని డేర్ ఎల్ మదీనా అనే గ్రామంలో కుటుంబాలతో నివసించిన పనివారు. రాతిని కొట్టేవారు, గీతలు గీసేవారు, శిల్పులు, రంగులు వేసేవారు ఇందులో ఉండేవారు. వీరు కుడి, ఎడమ అని రెండు జట్లుగా పనిచేసేవారు. జీతం ధాన్యం రూపంలో ముట్టేది. మూడవ రామ్సెస్ పాలనలో 29వ సంవత్సరాన ధాన్యం అందక వీరు పని మానివేసి నిరసన తెలిపారు. చరిత్రలో వ్రాతపూర్వకంగా నమోదైన తొలి సమ్మెలలో ఇది ఒకటి.

రాజు సింహాసనం ఎక్కగానే సమాధి పని ప్రారంభమయ్యేది. రాజు త్వరగా మరణిస్తే పనిని ఉన్నంతలో ముగించవలసి వచ్చేది. రెండేళ్ళకు మించి పాలించని మొదటి రామ్సెస్ సమాధి చిన్నదిగా ఉండుటకు ఇదే కారణం. హోరెంహెబ్ సమాధిలో ఎరుపు రంగుతో గీసిన తొలి గీతలు, నలుపు రంగుతో చేసిన సవరణలు, సగం చెక్కిన బొమ్మలు నేటికీ కనిపిస్తాయి.

తొలి సమాధులు మలుపు తిరిగి లోనికి పోతాయి. తరువాతివి తిన్నగా సాగుతాయి. గోడలపై ఉన్నవి వట్టి అలంకారాలు కావు. సూర్యదేవుడు రాత్రి పన్నెండు గంటలు పాతాళంలో ప్రయాణించి ఉదయాన తిరిగి పుట్టుట వీటిలోని ముఖ్య విషయం. రాజు కూడా సూర్యునివలె పునర్జన్మ పొందాలన్నదే వీటి ఉద్దేశం.

ముఖ్యమైన సమాధులు

సమాధులకు వరుస సంఖ్యలిచ్చే పద్ధతిని 1827లో జాన్ గార్డనర్ విల్కిన్సన్ ప్రారంభించాడు. ఈ సంఖ్యలకు ముందు కె.వి. అనే అక్షరాలు వ్రాస్తారు.

కె.వి. 34 - మూడవ తుత్మోస్. కొండ చీలికలో ఎత్తున ఉన్నది. గోడలపై బొమ్మలు సన్నని గీతలతో, వ్రాతప్రతిని చూచి దించినట్లుగా ఉంటాయి.

కె.వి. 17 - మొదటి సేతి. 1817లో బెల్జోనీ కనుగొన్నాడు. సుమారు 137 మీటర్ల పొడవు గల ఈ సమాధిలోని చిత్రాలు లోయలో మిక్కిలి ప్రసిద్ధి పొందినవి. ఇందులోని పాలరాతి వంటి తెల్లరాతి శవపేటిక నేడు లండనులోని జాన్ సోన్ మ్యూజియంలో ఉన్నది.

కె.వి. 7 - రెండవ రామ్సెస్. వరద నీటివలన బాగా దెబ్బతిన్నది.

కె.వి. 5 - రెండవ రామ్సెస్ కుమారుల సమాధి. 1995లో కెంట్ వీక్స్ బృందం దీని లోపలి భాగాన్ని కనుగొన్నది. ఇందులో 120కి పైగా గదులు బయటపడ్డాయి.

కె.వి. 9 - ఐదవ, ఆరవ రామ్సెస్. పైకప్పుపై ఆకాశదేవత నట్ రూపం, నక్షత్రాలు చిత్రించబడినవి.

కె.వి. 46 - యుయా, త్జుయా దంపతులు. వీరు రాజులు కారు. మూడవ అమెన్‌హోటెప్ పట్టపురాణి టియే తల్లిదండ్రులు. ఈ సమాధి 1905లో బయటపడినది.

కె.వి. 62 - టుటన్‌ఖామున్. సుమారు 19 ఏళ్ళకే మరణించిన ఈ రాజు సమాధి చాలా చిన్నది.

రాజులందరూ ఇక్కడే లేరు. అఖెనాతెన్ తన సమాధిని అమర్నా వద్ద తొలిపించుకున్నాడు. రెండవ రామ్సెస్ రాణి నెఫర్తారి సమాధి దక్షిణాన ఉన్న రాణుల లోయలో కలదు. రెండవ తుత్మోస్ సమాధి ఈ లోయకు పడమట మరొక కనుమలో దొరికినట్లు 2025లో ప్రకటించారు.

దోపిడీలు, దేహాల తరలింపు

ఇంత జాగ్రత్త పడినా రహస్యం నిలువలేదు. 20వ వంశం చివరి కాలంలో రాజ్యం బలహీనపడి, సమాధుల దోపిడీలు పెరిగినవి. తొమ్మిదవ రామ్సెస్ కాలంలో దొంగలను విచారించిన వివరాలు పాపిరస్ పత్రాలలో లభిస్తున్నాయి. తరువాతి కాలపు పూజారులు మిగిలిన బంగారాన్ని తీసివేసి, చెదిరిన మమ్మీలకు మరల వస్త్రం చుట్టి, వేరే చోట్ల గుట్టుగా భద్రపరిచారు. తరలింపు వివరాలను శవపేటికలపై, వస్త్రాలపై సిరాతో వ్రాసి ఉంచారు. ఈ వ్రాతలవలననే ఆ దేహాలు ఎవరివో చాలావరకు గుర్తించగలిగారు.

అటువంటి ఒక గుట్టు చోటు డేర్ ఎల్ బహారీ సమీపంలోని కొండలో 1881లో అధికారులకు తెలిసినది. స్థానిక కుటుంబం ఒకటి అప్పటికే అక్కడి వస్తువులను కొద్దికొద్దిగా అమ్ముకొంటున్నది. మూడవ తుత్మోస్, మొదటి సేతి, రెండవ రామ్సెస్ మున్నగువారి మమ్మీలు అక్కడే దొరికాయి. 1898లో విక్టర్ లోరే రెండవ అమెన్‌హోటెప్ సమాధిని (కె.వి. 35) కనుగొనగా, అందులో ఆ రాజుతోపాటు మెర్నెప్తా, నాలుగవ తుత్మోస్ మొదలైన మరికొందరు రాజులు కూడా ఉన్నారు. అదే సమాధిలో దొరికిన ఒక స్త్రీ దేహం టియే రాణిదని 2010లో వెలువడిన డి.ఎన్.ఎ. పరీక్షలు తెలిపినవి.

1860 ప్రాంతంలో విదేశాలకు తరలిపోయిన ఒక మమ్మీ మొదటి రామ్సెస్‌దని భావించి, 2003లో అమెరికాలోని అట్లాంటా నుండి ఈజిప్టుకు తిరిగి అప్పగించారు.

టుటన్‌ఖామున్ సమాధి

ఆరవ రామ్సెస్ సమాధి తొలిచినపుడు పనివారి గుడిసెలు టుటన్‌ఖామున్ సమాధి ద్వారంపైన వెలసినవి. ఆ విధంగా అది మరుగున పడి, పెద్ద దోపిడీ నుండి తప్పించుకున్నది. లోయలో ఇక దొరికేది ఏమీ లేదని కొందరు తేల్చిన తరువాత, 1922 నవంబరు 4న హొవార్డ్ కార్టర్ బృందానికి దాని తొలి మెట్టు కనిపించినది. తవ్వకాలకు ధనం సమకూర్చినవాడు కార్నర్వాన్ ప్రభువు. 5,000కు పైగా వస్తువులను నమోదు చేసి తరలించుటకు దాదాపు పది సంవత్సరాలు పట్టినది. 1923లో కార్నర్వాన్ మరణించగా పత్రికలు దానిని శాపంగా ప్రచారం చేసినవి. కాని కార్టర్ 1939 వరకు జీవించాడు.

సందర్శన

గ్రీకు, రోమను యాత్రికులు కూడా ఈ లోయను చూచి గోడలపై పేర్లు వ్రాసి వెళ్ళారు. అటువంటి వ్రాతలు 2,000కు పైగా కలవు. నేడు సమాధులన్నీ ఒకేసారి తెరచి ఉండవు. వాటికి విశ్రాంతినిచ్చుటకు వంతులవారీగా తెరుస్తారు. సాధారణ టికెట్టుపై మూడు సమాధులు చూడవచ్చును. టుటన్‌ఖామున్, మొదటి సేతి వంటి కొన్నింటికి వేరుగా టికెట్టు కొనవలసి ఉంటుంది. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది కనుక ఉదయం పెందలకడనే వెళ్ళుట మంచిది.

లోయలో సందర్శకులు చూడగల రాజదేహం టుటన్‌ఖామున్‌ది ఒక్కటే. 2007 నుండి అది అతని సమాధిలోనే గాజుపెట్టెలో ఉన్నది. అతని సమాధి సంపద గీజాలోని గ్రాండ్ ఈజిప్షియన్ మ్యూజియంలో కలదు. 2021 ఏప్రిల్ 3న 18 మంది రాజులు, నలుగురు రాణుల మమ్మీలను కైరోలోని జాతీయ ఈజిప్టు నాగరికత మ్యూజియానికి ఊరేగింపుగా తరలించారు. కనుక సేతి సమాధిని లక్సర్‌లోను, సేతిని కైరోలోను, అతని శవపేటికను లండనులోను చూడవలసి ఉంటుంది.

పరిరక్షణ

సందర్శకుల ఊపిరి, చెమటవలన కలిగే తేమ రంగులకు హాని చేస్తుంది. వారి రాకపోకలతో లేచే ధూళి చిత్రాలపై పేరుకుంటుంది. అరుదుగా కురిసే భారీ వర్షాలు లోయలోకి వరద తెస్తాయి. 1994 నాటి వరదల తరువాత రక్షణ చర్యలు చేపట్టారు. టుటన్‌ఖామున్ సమాధిలో గెట్టీ పరిరక్షణ సంస్థ ఈజిప్టు ప్రభుత్వంతో కలిసి చేపట్టిన పని 2019లో ముగిసినది. 2014లో ఆ సమాధికి అచ్చమైన నకలును కార్టర్ నివసించిన ఇంటి సమీపంలో నిర్మించి ప్రారంభించారు. అసలు సమాధిపై ఒత్తిడి తగ్గించుట దీని ఉద్దేశం. మూడు వేల ఏళ్ళు చీకటిలో నిలిచిన రంగులు వెలుగులోకి వచ్చిన తరువాత ఎంతకాలం నిలుస్తాయన్నది ఇటువంటి ఏర్పాట్లపై, సందర్శకుల జాగ్రత్తపై ఆధారపడి ఉన్నది.