వృద్ధుల సంరక్షణలో సోషల్ వర్కర్ పాత్ర



"మందులు రాసేది డాక్టరు, ఇంజక్షన్ చేసేది నర్సు. మరి సోషల్ వర్కర్ ఏం చేస్తారు?" అని వార్డులో చాలామంది అడుగుతుంటారు. ఒక మామ్మగారి సంగతి చెబితే మీకే అర్థమవుతుంది.

డెబ్బై దాటిన ఆ మామ్మగారు సుగరు పడిపోయి, స్పృహ తప్పి, రెండు నెలల్లో మూడుసార్లు మా వార్డులో చేరారు. ప్రతిసారీ గ్లూకోజు ఎక్కించి, జాగ్రత్తలు చెప్పి పంపాం. మూడోసారి నేనే, "చెప్పిన మాట వినకపోతే ఎలా మామ్మా?" అని కసిరాను. ఆవిడ ఏమీ మాట్లాడలేదు.

ఆ మధ్యాహ్నం మా సోషల్ వర్కర్ ఆవిడ మంచం పక్కన గంటసేపు కూర్చుంది. అప్పుడు బయటపడింది. ఇద్దరు కొడుకుల ఇళ్లలో పదిహేనేసి రోజుల వంతు. పెద్దబ్బాయి ఇంట్లో ఎనిమిదింటికల్లా టిఫిన్ ఉంటుంది. చిన్నబ్బాయి, కోడలు తెల్లవారకముందే కూరగాయల బజారుకు వెళ్తారు. పదకొండింటికి వచ్చాకే పొయ్యి వెలిగేది. మామ్మగారు మాత్రం మేం చెప్పినట్టే రోజూ ఏడున్నరకు ఇన్సులిన్ చేయించుకుంటున్నారు. ఇన్సులిన్ పడ్డాక కడుపులో అన్నం పడకపోతే సుగరు పడిపోక ఏమవుతుంది? ఆవిడ మాట వినకపోవడం కాదు, విన్నందుకే వచ్చిన ముప్పు. కోడలిమీద చెప్పినట్టవుతుందని నోరు విప్పలేదు.

సోషల్ వర్కర్ కొడుకులను, కోడళ్లను పిలిపించి, ఎవరినీ నిందించకుండా మాట్లాడింది. డాక్టరుగారు వేళలు మార్చారు. కంచంలో అన్నం పెట్టాకే ఇన్సులిన్ అన్నది రెండిళ్లకూ ఒకే నియమమైంది. ఆ తర్వాత మామ్మగారు చెకప్‌కే వచ్చారు.

సోషల్ వర్కర్ చేసే ముఖ్యమైన పనులు ఇవి:

1. ఇంట్లో ఎవరు వండుతారు, ఎవరు మందులిస్తారు, రాత్రి ఎవరు తోడుంటారు అని తెలుసుకుని డాక్టరుకు, నర్సుకు చెప్పడం.

2. డిశ్చార్జికి ముందే కుటుంబంతో మాట్లాడి, ఆ తర్వాత ఇంటికి వెళ్లి చూడడం.

3. వృద్ధాప్య పెన్షన్‌కు, 70 ఏళ్లు నిండినవారికి 2024లో కేంద్రం తెచ్చిన ఆయుష్మాన్ వయ వందన కార్డుకు కాగితాలు సిద్ధం చేయించడం.

4. నిరాదరణ, దెబ్బలు, ఆస్తి రాయించుకుని వెళ్లగొట్టడం వంటివి గుర్తించి అండగా నిలవడం. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ చట్టం కింద ఆర్.డి.ఓ. అధ్యక్షతన ఉండే ట్రిబ్యునల్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. నెలకు 10,000 రూపాయల వరకు భరణం ఇప్పించే అధికారం దానికుంది. సలహా కోసం 14567 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

పెద్దలను ఆసుపత్రికి తెచ్చినప్పుడు, సోషల్ వర్కర్‌ను కలవాలని మీరే అడగండి. ఇంటి సంగతులు దాచకండి. పరువు పోతుందని భయపడకండి, చెప్పిన మాట బయటికి పోదు. తల్లిదండ్రులను సన్మానించమని దేవుడిచ్చిన ఆజ్ఞ, వేళకు పెట్టే పిడికెడు అన్నంతోనే మొదలవుతుంది.

నర్సింగ్ సూపరింటెండెంట్